కలుపు మందు కొట్టే మగవాళ్ళు లైంగిక ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకోవాలి, ఎలా పరీక్షించుకోవాలి

"పదేళ్ళ నుంచి గడ్డి మందు కొడుతున్నాను. ఈ మధ్య అంగం సరిగ్గా గట్టిపడడం లేదు. మందు వల్లేనా?" అని ఒకరు అడుగుతారు. "పెళ్ళయి రెండేళ్ళయింది, పిల్లల్లేరు. మందు పని మానేస్తే సరిపోతుందా?" అని ఇంకొకరు. "నిన్న తొడల మీద ఒలికింది, ఏమైనా అవుతుందా?" అని మూడో ఆయన. మాటలు మారతాయి, లోపలి భయం మాత్రం ఒకటే. ఇలా అడిగేవాళ్ళలో చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేక నెలల తరబడి టెన్షన్ పడుతుంటారు. అందుకే ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మీ ఇబ్బంది "కచ్చితంగా మందు వల్లే" అని గాని, "మందుకూ దీనికీ సంబంధమే లేదు" అని గాని పరీక్షలు లేకుండా ఎవరూ తేల్చలేరు. అలా తేల్చి చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి. మీ చేతిలో ఉన్న పనులు వేరే ఉన్నాయి: మందు ఒంటికి చేరే దారులు మూసేయడం, సరైన పరీక్ష సరైన సమయంలో చేయించుకోవడం, మూడు నెలలు ఆగి మళ్ళీ చూసుకోవడం.

ఇంతవరకు తెలిసింది ఏమిటి

కలుపు మందులన్నీ ఒకటి కావు. డైనోసెబ్ అనే కలుపు మందును అమెరికాలో 1986లో అత్యవసరంగా ఆపేశారు. పుట్టే పిల్లల్లో లోపాలతో పాటు మగవాళ్ళలో సంతానలేమి ముప్పు కూడా దానికి కారణం. లిన్యురాన్ అనే మందు మగ ఎలుకల్లో పురుష హార్మోను పనికి అడ్డుపడుతుందని తేలింది. యూరోపియన్ యూనియన్ 2017లో దాని అనుమతిని పొడిగించలేదు. అమెరికాలోని మిస్సోరీలో 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, వీర్యం నాణ్యత తగ్గిన మగవాళ్ళ మూత్రంలో అలాక్లోర్, అట్రాజిన్ అనే కలుపు మందుల ఆనవాళ్ళు, డయాజినాన్ అనే పురుగు మందు ఆనవాళ్ళు ఎక్కువగా కనిపించాయి.

ఎక్కువమంది అడిగేది గ్లైఫోసేట్ అనే కలుపు మందు గురించి. పెద్ద మోతాదులు ఇచ్చిన జంతువుల్లో హార్మోన్లు, వీర్యకణాలు దెబ్బతిన్న ప్రయోగాలు ఉన్నాయి. మనుషుల్లో అది నేరుగా అంగస్తంభనను పోగొడుతుందని చెప్పేంత గట్టి ఆధారం లేదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అన్నది నిజమే, కానీ ఆ మాట క్యాన్సర్ గురించి. దాన్ని తెచ్చి లైంగిక శక్తికి ముడిపెట్టి భయపడకండి.

మీకు పనికొచ్చే ఉదాహరణ ఇంకొకటి ఉంది. డీబీసీపీ అనే మందు నేలలోని నులిపురుగులను చంపేది, కలుపు మందు కాదు. 1977లో కాలిఫోర్నియాలో దాన్ని తయారుచేసే ఒక కర్మాగారంలో, తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని పనివాళ్ళే గమనించారు. పరీక్షిస్తే కొందరికి వీర్యకణాలు బాగా తగ్గాయి, కొందరికి అసలు లేవు. లైంగిక శక్తి మాత్రం చాలామందిలో మామూలుగానే ఉంది. అంగం గట్టిపడడం వేరు, వీర్యకణాలు వేరు. ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టే అనుకుంటే పొరపాటు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

నోటు పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి. మీరు వాడే మందు డబ్బాల లేబుళ్ళను ముందువైపు, వెనకవైపు తీసిన ఫోటోలు. మోచేతి వరకు వచ్చే మందపాటి నైట్రైల్ చేతి తొడుగులు రెండు జతలు, లోపల గుడ్డ లేనివి. ముందువైపు కప్పే ప్లాస్టిక్ లేదా రబ్బరు ఏప్రన్, పొడవాటి రబ్బరు బూట్లు, పొడవు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, కళ్ళద్దాలు. సబ్బు, పది లీటర్ల మంచినీళ్ళు, విడిగా ఒక బకెట్. మందు బట్టలకు మాత్రమే ఒక సంచి. ఇవి కాక బట్టలకు వేసే నీలం కొంచెం, పాత తెల్ల ప్యాంటు ఒకటి, పాత తెల్ల చొక్కా ఒకటి. ఈ మూడూ ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది.

1. ఇబ్బంది ఏమిటో విడదీసి రాసుకోండి

"మగతనం తగ్గింది" అని డాక్టరుకు చెబితే ఆయనకు ఏమీ అర్థం కాదు. కింది వాటిలో మీది ఏదో చూసుకోండి: కోరికే తగ్గిందా, కోరిక ఉన్నా అంగం గట్టిపడడం లేదా, గట్టిపడినా నిలబడడం లేదా, వీర్యం త్వరగా పడిపోతోందా, పిల్లలు పుట్టడం లేదా, వృషణాల్లో నొప్పో గడ్డో ఉందా. రెండు మూడు కలిసి ఉండొచ్చు. ఏది ముందు మొదలైందో, ఎప్పుడు మొదలైందో తేదీతో రాయండి.

ఇంకొకటి కూడా రాయండి. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు అంగం దానంతట అది గట్టిపడి ఉంటోందా? వారానికి ఎన్ని రోజులు? అది మామూలుగానే ఉండి, భాగస్వామితో ఉన్నప్పుడు మాత్రమే ఇబ్బంది వస్తుంటే, ఆందోళన పాత్ర ఎక్కువని అర్థం. ఉదయం కూడా లేకపోతే రక్తనాళాలు, నరాలు, హార్మోన్ల వైపు చూడాలి. ఇది తుది తీర్పు కాదు, డాక్టరుకు దారి చూపించే గుర్తు.

2. మందు లెక్క రాయండి

ఏ మందు, ఎన్నేళ్ళ నుంచి, ఏడాదికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, కలిపేది మీరేనా, కొట్టేది మీరేనా, ఒంటి మీద ఎప్పుడైనా ఒలికిందా, ఆ రోజు బట్టలు ఎంతసేపటికి మార్చారు, అన్నీ రాయండి. "ఏదో గడ్డి మందు" అంటే సరిపోదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది వ్యాపారం పేరు. కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, శాతం ఉంటాయి. మీకు కావలసింది ఆ చిన్న అక్షరాలే.

పురుగు మందులు కూడా కొడితే అవి విడిగా రాయండి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. కోలినెస్టెరేజ్ అనే రక్త పరీక్ష కొన్ని రకాల పురుగు మందుల ప్రభావాన్ని చూపిస్తుంది. గ్లైఫోసేట్, 2,4-డి లాంటి కలుపు మందుల ప్రభావం అందులో తెలియదు. కలుపు మందు మాత్రమే కొట్టే మనిషి ఆ పరీక్ష చేయించుకుని "నార్మల్ వచ్చింది, నాకేం లేదు" అనుకుంటే అది ఉత్త భరోసా.

"మరి మూత్రంలో మందు ఎంత ఉందో చూపించే పరీక్ష?" అని అడుగుతారు. గ్లైఫోసేట్, 2,4-డి లాంటివి కొన్ని రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతాయి. ఈ మధ్య తగిలిందా లేదా అన్నదే ఆ పరీక్షలో తెలుస్తుంది. మీ ఇబ్బందికి కారణం అదేనా అన్నది తెలియదు. ఆ డబ్బు నాలుగో అడుగులోని పరీక్షలకు దాచుకోండి.

3. మందు ఒంటికి చేరే దారులు మూసేయండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇదే పాటించండి.

కలుపు మందు మన ఒంట్లోకి ఎక్కువగా పోయేది ముక్కు నుంచి కాదు, చర్మం నుంచి. చర్మం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పారాథియాన్ అనే పురుగు మందుతో మనుషుల మీద జరిగిన పాత ప్రయోగంలో, వృషణాల సంచి మీది చర్మం ముంజేతి కంటే దాదాపు 12 రెట్లు ఎక్కువ మందును పీల్చుకుంది. ప్రతి మందుకూ ఇదే లెక్క వర్తించదు. అయినా ఆ చోటు ఎంత పల్చనో, అక్కడ తడి తగలడం ఎంత చెడ్డదో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

మందు అక్కడికి ఎలా చేరుతుందో నేను కళ్ళారా చూశాను, నా ఒంటి మీదే. వీపు ట్యాంకులో మందు లేకుండా నీళ్ళు పోసి, బట్టల నీలం కలిపి, తెల్ల ప్యాంటు చొక్కా వేసుకుని మామూలుగా పని చేసినట్టే అరగంట కొట్టాను. బాగా జాగ్రత్తపరుణ్ణని నా నమ్మకం. విప్పి చూస్తే మూత దగ్గర మొదలైన నీలి చార వీపు మధ్యగా జారి, నడుము పట్టీ దగ్గర ఆగి, అక్కడి నుంచి పిరుదుల మధ్యకు దిగి ఉంది. తొడల ముందువైపు మోకాలి వరకు చుక్కలు. ప్యాంటు జిప్పు చుట్టూ నాలుగు వేలిముద్రలు, స్పష్టంగా. మధ్యలో ఒకసారి మూత్రానికి వెళ్ళొచ్చాను మరి.

మీరూ ఈ నీలం పరీక్ష చేయండి. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ట్యాంకు ముందుగా బాగా కడిగి ఉండాలి, అంతే. మరక ఎక్కడ పడితే అక్కడే మీ దారి ఉంది. దాన్ని బట్టి ఇలా సరిచేసుకోండి.

వీపు మీద చార ఉంటే మూత రబ్బరు వాషరు అరిగిపోయింది, లేదా ట్యాంకు అంచు వరకు నింపుతున్నారు. వాషరు మార్చండి, నాలుగు వేళ్ళు ఖాళీ ఉంచి నింపండి, వీపుకు ట్యాంకుకు మధ్య నీళ్ళు పీల్చని షీటు కట్టుకోండి. తొడల మీద చుక్కలుంటే కొట్టిన గడ్డిలోకే మళ్ళీ నడుస్తున్నారన్నమాట. గాలి పక్క నుంచో వెనక నుంచో వచ్చేలా నిలబడి, తడిసిన చోటు మీ వెనకే ఉండేలా నడవండి. నడుము నుంచి మోకాలి కింద వరకు ఏప్రన్ కట్టండి. ప్యాంటు బూట్ల లోపలికి దోపకండి, బయటికే ఉంచండి. లోపలికి దోపితే కారిన మందంతా బూటులో చేరి, పాదం సాయంత్రం దాకా అందులోనే నానుతుంది.

జిప్పు దగ్గర వేలిముద్రలున్నాయా? మూత్రానికి వెళ్ళే ముందు తొడుగులు వేసుకునే సబ్బుతో వాటిని కడగాలి, తర్వాత విప్పాలి, ఆ తర్వాత ఒట్టి చేతులు సబ్బుతో కడగాలి. మూత్రానికి వెళ్ళి వచ్చాక కడుక్కోవడం మనకు అలవాటు. ఈ పనిలో వెళ్ళే ముందు కడుక్కోవడమే ముఖ్యం. శానిటైజర్ రాసుకుంటే మందు పోదు. పెట్రోలు, థిన్నరు లాంటివాటితో చేతులు తుడుచుకుంటే మందు చర్మంలోకి ఇంకా తేలిగ్గా దిగుతుంది.

కలపడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పని. డబ్బాలో ఉన్నది చిక్కటి మందు. ట్యాంకులో పడ్డాక అది ఎన్నో రెట్లు పల్చబడుతుంది. అంటే కలిపేటప్పుడు చిందే ఒక చెంచా, రోజంతా ఒంటి మీద పడే తుంపరలకు సమానం కావచ్చు. ట్యాంకును నేల మీద పెట్టి, డబ్బాను నడుము కంటే కింద ఉంచి పోయండి. భుజం ఎత్తు నుంచి పోస్తే చిందేది ముఖానికీ, తొడల మధ్యకూ. నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊదకండి. పాత టూత్‌బ్రష్ ఒకటి జేబులో ఉంచుకోండి.

గాలి గట్టిగా ఉన్నప్పుడు కొట్టకూడదని అందరికీ తెలుసు. అసలు గాలి కదలని తెల్లవారుజామున కూడా కొట్టకూడదు. సన్నటి తుంపర నేలకు దిగక పొగమంచులా అక్కడే వేలాడుతుంది, మీరు అందులోనే నడుస్తారు. మెల్లగా, ఒకే దిక్కు నుంచి వీచే గాలి మంచిది.

తొడుగుల గురించి ఒక చిన్న కిటుకు. కిందికి కొట్టేటప్పుడు చొక్కా చేతులు తొడుగుల పైకి ఉండాలి. తల కంటే ఎత్తుకు కొట్టేటప్పుడు తొడుగులే చొక్కా చేతుల పైకి రావాలి, లేకపోతే కారిన మందు తొడుగులోకే వస్తుంది. చిల్లు పడిన తొడుగు వేసుకోవడం కంటే ఒట్టి చేయి నయం. ఒట్టి చేయినైతే వెంటనే కడుక్కుంటారు. చిల్లు తొడుగు లోపల చర్మం మందులో నానుతూ ఉంటుంది, మీకు తెలియదు. పని మొదలుపెట్టే ముందు తొడుగులో నీళ్ళు పోసి పిండి చూడండి.

పని అయ్యాక గంటలు గంటలు ఆ బట్టలతో ఉండకండి. ఇంట్లోకి రాకముందే విప్పి సంచిలో వేయండి. సబ్బుతో స్నానం చేయండి, గజ్జలు, వృషణాల కింద, గోళ్ళ సందులు ప్రత్యేకంగా కడగండి. గరుకుగా రుద్దకండి, గీసుకున్న చర్మం ఇంకా పీల్చుకుంటుంది. లోదుస్తులతో సహా ఆ బట్టలను విడిగా, వేడినీళ్ళతో ఉతకండి. ఉతికేవాళ్ళు కూడా తొడుగులు వేసుకోవాలి. ఆ పని గర్భిణికి ఇవ్వకండి. చిక్కటి మందు ఒలికి నానిన బట్టను ఎన్నిసార్లు ఉతికినా మందు పోదు, పారేయండి.

ఒకవేళ తొడల మధ్య ఒలికిందా? చేతిలో పని అక్కడే వదిలేయండి. సిగ్గు పడకుండా బట్టలు విప్పి, పారే నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడగండి. "ఈ ట్యాంకు అయిపోగానే" అనుకునే ఆ అరగంటే నష్టం.

మందే లేకుండా కుదురుతుందా చూడండి. చిన్న జాగా అయితే పార, కొడవలి, గడ్డి కోసే యంత్రం, నేల మీద పరిచే ఎండుగడ్డి లేదా షీటు చాలు. ఇది సహజమైనది కదా అని బాగా చిక్కటి వెనిగర్ వాడేవాళ్ళున్నారు. అది కళ్ళనూ చర్మాన్నీ కాల్చేస్తుంది, దానికీ తొడుగులు, అద్దాలు కావాలి. నలుగురు కలిసి పనిచేసే చోట కలిపే పని ఎప్పుడూ ఒకరిమీదే పడకుండా వంతులు వేసుకోండి. సంతానం కోసం ప్రయత్నిస్తున్న మనిషిని ఆ మూడు నాలుగు నెలలు కలిపే పని నుంచి తప్పించండి.

4. సరైన పరీక్షలు చేయించుకోండి

అంగస్తంభన సమస్య అయితే బీపీ, షుగర్, మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, పురుష హార్మోను అయిన టెస్టోస్టెరాన్ చేయించాలి. పిల్లలు పుట్టకపోవడం సమస్య అయితే వీర్య పరీక్ష ముఖ్యం. రెండూ ఉంటే రెండూ. యూరాలజిస్టు (మూత్రనాళాల డాక్టరు) దగ్గరికి గాని ఆండ్రాలజిస్టు (మగవాళ్ళ లైంగిక, సంతాన సమస్యల డాక్టరు) దగ్గరికి గాని వెళ్ళండి. దగ్గర్లో లేకపోతే మామూలు ఫిజీషియన్‌తోనే మొదలుపెట్టండి.

షుగర్ పరీక్ష గురించి నొక్కి చెబుతున్నాను. మందు మీద అనుమానంతో వచ్చినవాళ్ళలో షుగర్, బీపీ, పొగతాగడం, మద్యం, నిద్రలేమి, దిగులు కారణంగా తేలేవాళ్ళు ఉంటారు. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి. అందుకే గుండె జబ్బు బయటపడడానికి కొన్నేళ్ళ ముందే కొందరిలో అంగస్తంభన తగ్గుతుంది. డబ్బా మీద నింద వేసి ఊరుకుంటే ఆ హెచ్చరిక చేజారిపోతుంది. పైగా రెండూ పూర్తిగా వేరూ కావు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో 2,4-డి, 2,4,5-టి అనే రెండు కలుపు మందులు ఉండేవి, తయారీలో డయాక్సిన్ అనే విషం కలిసింది. అది తగిలిన మాజీ సైనికులకు వచ్చే టైప్ 2 షుగర్‌ను అమెరికా ప్రభుత్వం ఆ మందుకు ముడిపడిన జబ్బుల జాబితాలో చేర్చింది. షుగర్ ముదిరితే అంగస్తంభన పోతుంది. ఇప్పటి 2,4-డి డబ్బా, ఆనాటి ఏజెంట్ ఆరెంజ్ ఒకటి కావు. కానీ మందు చరిత్ర ఉన్న మనిషి షుగర్ చూపించుకోకుండా ఉండకూడదు.

టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య ఇవ్వాలి, సాయంత్రానికి అది సహజంగానే తగ్గుతుంది. ఒక్కసారి తక్కువ వచ్చిందని కంగారుపడకండి. వేరే రోజు ఉదయం మళ్ళీ చేయించాకే నమ్మాలి. జ్వరం వచ్చి లేచిన వారంలో, రాత్రంతా మేలుకున్న మర్నాడు చేయించకండి.

వీర్య పరీక్ష పాడయ్యేది ల్యాబులో కంటే మన చేతుల్లోనే ఎక్కువ. ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఉండాలి. ఒక్క రోజూ కాదు, పదిహేను రోజులూ కాదు. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, ఉమ్మి గాని నూనె గాని తగలకూడదు. మొదట వచ్చే చుక్కల్లోనే వీర్యకణాలు ఎక్కువ. అవి కప్పు బయట పడిపోతే దాచకుండా ల్యాబులో చెప్పండి, ఇంకోరోజు మళ్ళీ ఇవ్వొచ్చు. ఇంట్లో పడితే కప్పును చొక్కా లోపల ఒంటికి ఆనించి గంటలోపు, వీలైతే అరగంటలోపు ల్యాబుకు చేర్చాలి.

రిపోర్టు చేతికి వచ్చాక ఈ అంకెలు చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కింది హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఆ 4 శాతం చూసి గుండె జారిపోయినవాళ్ళు ఎందరో. "నూటికి తొంభై ఆరు చెడిపోయాయట" అని ఏడ్చిన కుర్రాడికి నేనే చెప్పాల్సి వచ్చింది, ఆ లెక్కలో 4 ఉంటే మామూలే అని. ఈ హద్దు కంటే తక్కువ ఉంటే పిల్లలు పుట్టరని కాదు, ఎక్కువ ఉంటే తప్పక పుడతారని కూడా కాదు.

పిల్లల కోసం ఏడాదిగా ప్రయత్నిస్తుంటే, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలుగా ప్రయత్నిస్తుంటే, ఇద్దరూ ఒకేసారి చూపించుకోండి. ఒకరి పరీక్షలు అయ్యాక ఇంకొకరివి అంటే కాలం వృథా.

5. డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

సిగ్గు వల్ల సగం మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాసుకున్న కాగితం ఆయన చేతికి ఇచ్చేయండి. నోటితో ఈ రెండు వాక్యాలు చాలు: "ఇన్నేళ్ళుగా ఈ కలుపు మందులు కొడుతున్నాను, లేబుళ్ళ ఫోటోలు ఇవి. నా ఇబ్బంది ఇది, ఫలానా నెల నుంచి ఉంది." వాడుతున్న మందు బిళ్ళలన్నీ చూపించండి. దిగులుకు, బీపీకి ఇచ్చే కొన్ని మందులు లైంగిక శక్తిని తగ్గిస్తాయి. అనుమానం వస్తే డాక్టరును అడిగి మార్పించుకోవాలి గాని సొంతంగా ఆపకూడదు.

వృషణాలను తప్పకుండా చేత్తో పరీక్షించమనండి. వేరికోసీల్ అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం. నూరుమంది మగవాళ్ళలో పదిహేను మందికి ఉంటుంది, వీర్యం తగ్గడానికి అది పెద్ద కారణం. మందు మీద అనుమానం పెట్టుకుని ఈ ఒక్క పరీక్ష వదిలేసినవాళ్ళు ఉన్నారు.

6. మూడు నెలలు ఆగండి

ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి వచ్చే దారి దాటడానికి ఇంకో రెండు వారాల దాకా పడుతుంది. ఇవాళ జాగ్రత్త మొదలుపెడితే దాని ఫలితం కనిపించేది మూడు నెలల తర్వాతే. రెండు వారాలకే మళ్ళీ పరీక్ష చేయించుకుని "ఏమీ మారలేదు" అనుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. అలాగే ఈ మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే అంకెలు తగ్గుతాయి, ఆ తేదీ రాసిపెట్టుకోండి.

ఈలోపు పొగ మానండి, మద్యం తగ్గించండి, వృషణాలకు వేడి తగలనివ్వకండి. నిప్పుల్లాంటి ఎండలో బిగుతు లోదుస్తుల మీద ప్లాస్టిక్ ప్యాంటు వేసుకుని గంటలు పనిచేస్తే వేడి కూడా వీర్యాన్ని దెబ్బతీస్తుంది. అలాగని రక్షణ బట్టలు మానేయకండి. లోపల వదులుగా ఉన్నవి వేసుకుని, చల్లటి వేళల్లో, మధ్యమధ్య ఆగుతూ పనిచేయండి.

చేయకూడనివి రెండు. ఒకటి, డాక్టరు చెప్పకుండా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు. శక్తి వస్తుందని వేయించుకుంటారు. బయటి నుంచి హార్మోను అందగానే వృషణాలు పని తగ్గించేస్తాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు దాని జోలికే వెళ్ళకూడదు. రెండు, "ఒంట్లోని మందు విషాన్ని కడిగేస్తుంది" అని అమ్మే పొడులు, లేహ్యాలు. కిడ్నీలు ఆ పని రోజూ చేస్తూనే ఉన్నాయి. పైగా పేరులేని శక్తి పొడుల్లో సిల్డెనఫిల్ లాంటి అంగస్తంభన మందులు గుట్టుగా కలిపి అమ్మినవి చాలాసార్లు పట్టుబడ్డాయి. గుండె నొప్పికి నైట్రేట్ బిళ్ళలు వాడే మనిషి అది మింగితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

7. ఫలితం ఎలా చూసుకోవాలి

మూడు నెలలకు మళ్ళీ నీలం పరీక్ష చేయండి. తెల్ల ప్యాంటు మీద మరకలు తగ్గాయా? తగ్గకపోతే మీరు మారామనుకుంటున్నారు గాని దారి ఇంకా తెరిచే ఉంది.

అంగస్తంభనకు ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంటుంది, డాక్టరును అడిగితే ఇస్తారు. మొత్తం 25 మార్కులు. 22 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే ఇబ్బంది లేనట్టు. మొదటి రోజు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి నింపి పోల్చండి. ఉదయం గట్టిపడిన రోజుల లెక్క కూడా దాని పక్కనే పెట్టండి.

వీర్య పరీక్ష మొదట తక్కువ వస్తే రెండు మూడు వారాల్లో ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోండి. ఒకే మనిషికి వారం వారానికీ అంకెలు బాగా మారతాయి. జాగ్రత్తలు మొదలయ్యాక మూడు నెలలకు చేయించేది వేరు. అన్నీ ఒకే ల్యాబులో, ప్రతిసారీ అన్నే రోజుల విరామంతో చేయించండి. మొదటిసారి మూడు రోజుల విరామం ఇస్తే ప్రతిసారీ మూడే.

పెరిగితే మంచిదే. అయినా అది మందు ఒంటికి తగలకుండా చూసుకోవడం వల్లా, పొగ మానడం వల్లా అన్నది విడదీయలేం. రెండిటినీ కొనసాగించండి.

8. ఆగకుండా వెంటనే వెళ్ళాల్సిన సందర్భాలు

వృషణంలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే అది మెలితిరిగి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగకపోతే వృషణం దక్కకపోవచ్చు, తెల్లారేదాకా చూడకండి. నొప్పి లేని గట్టి గడ్డ తగిలినా ఆ వారంలోనే చూపించుకోండి. అంగం నాలుగు గంటలకు మించి గట్టిగానే ఉండిపోతే అది కూడా ఎమర్జెన్సీ. శృంగారం సమయంలో ఛాతీ నొప్పి వస్తే ముందు గుండె డాక్టరు.

కలుపు మందు నోట్లోకి పోతే, అందులోనూ పారాక్వాట్ అయితే, ఒక గుక్క కూడా ప్రాణాంతకం. మొదటిరోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వాంతి చేయించకండి. డబ్బా వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

మూడు నెలల తర్వాత కూడా వీర్యకణాలు బాగా తక్కువగానే ఉంటే ఇంకో మూడు నెలలు ఎదురుచూడకండి. అసలు కణాలే లేవని వస్తే ఈ మూడు నెలలు కూడా ఆగనక్కర్లేదు, రెండోసారి ఖాయమైన రోజే బయల్దేరండి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్ల పరీక్షలు, స్కానింగ్, ఒక్కోసారి జన్యు పరీక్షలు చేస్తారు. డీబీసీపీ తగిలిన పనివాళ్ళలో కొందరికి ఆ పనికి దూరమయ్యాక వీర్యకణాలు తిరిగి వచ్చాయి, కొందరికి రాలేదు. మీరు ఏ వైపు ఉన్నారో ఆ పరీక్షల్లో చాలావరకు తెలుస్తుంది. రిపోర్టులన్నీ, లేబుళ్ళ ఫోటోలు, నోటు పుస్తకం మీతో తీసుకెళ్ళండి.